98 శాతం అంటే ఎవరిలో 98?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తణుకు. నాన్నకి 62 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. 17 ఏళ్లుగా షుగర్ ఉంది, మూడేళ్ల నుంచి ఇన్సులిన్ మీద ఉన్నారు. రెండు నెలలుగా కాస్త వేగంగా నడిస్తే ఛాతీ పట్టేస్తోంది, ఆగితే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతోంది. యాంజియోగ్రామ్ తీస్తే మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు ఉన్నాయన్నారు: 95, 90, 80 శాతం. గుండె పంపింగ్ ఎంతుందో చూపే ఈఎఫ్ 40 అని రాశారు. అక్కడి డాక్టరుగారు నాలుగు స్టెంట్లు వేస్తే సరిపోతుంది, మా దగ్గర సక్సెస్ రేటు 98 శాతం, రేపు పొద్దున్నే చేసేద్దాం అన్నారు. భయమేసి ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి సర్జన్ గారు బైపాస్ చేయిస్తేనే మంచిది, నూటికి మూడు నాలుగు రిస్క్ ఉంటుంది అన్నారు. 98 వదులుకుని 96కి ఎందుకు వెళ్లాలి? అమ్మ కోత మాట ఎత్తితేనే ఏడుస్తోంది. అసలు ఏ ఆసుపత్రిలో గుండె జబ్బు వాళ్లు ఎంతమంది క్షేమంగా ఇంటికి వెళ్తున్నారో తెలుసుకునే దారి ఏదైనా ఉందా? నాన్నకి పూర్తిగా చెప్పలేదు. చిన్న బ్లాకు ఉంది, మందులతో పోతుంది అని చెప్పాం. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. – ఒక కూతురు

సమాధానం:

అమ్మా, ముందు రెండు విషయాలు తేల్చేస్తాను. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మొదటిది, ఒక జాగ్రత్త. నాన్నకి కూర్చుని ఉన్నప్పుడు నొప్పి వచ్చినా, వచ్చిన నొప్పి పదిహేను నిమిషాలైనా వదలకపోయినా, చెమటలు పట్టినా, ఊపిరి ఆడకపోయినా ఈ ఉత్తరాన్నీ, నా జవాబునీ పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో గుండె డాక్టరు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటప్పుడు మంచి ఆసుపత్రి కావాలని నాన్నని కారు వెనక సీట్లో పడుకోబెట్టి హైదరాబాద్ దాకా తీసుకెళ్లడం చాలా ప్రమాదం.

రెండోది, మీరు అడిగినదానికి సూటి జవాబు. మీరు రాసిన వివరాల్ని బట్టి చూస్తే, అంటే ఇన్సులిన్ దాకా వచ్చిన షుగర్, మూడు నాళాల్లోనూ గట్టి బ్లాకులు, కొంచెం తగ్గిన గుండె పంపింగ్, వీటన్నిటినీ కలిపి చూస్తే బైపాస్ వైపే మొగ్గు ఎక్కువ. సర్జన్ గారు మిమ్మల్ని భయపెట్టలేదు, నిజం చెప్పారు. నేను నాన్నని చూడలేదు, ఆయన యాంజియోగ్రామ్ చూడలేదు. కాబట్టి ఆఖరి మాట ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన డాక్టర్లదే. కానీ 96 కంటే 98 పెద్దది కాబట్టి స్టెంట్లు అనే లెక్క మాత్రం మీరు మనసులోంచి తీసేయాలి.

ఎందుకంటే ఆ రెండూ ఒకే విషయాన్ని కొలిచిన అంకెలు కావు.

స్టెంట్ల దగ్గర సక్సెస్ అనే మాటకి చాలాసార్లు అర్థం ఏమిటంటే, స్టెంట్లు వేసే గదిలో, అంటే క్యాత్ ల్యాబ్‌లో, బల్ల మీద పేషెంటు పడుకుని ఉండగా మూసుకున్న నాళం తెరుచుకుంది, రక్తం పారుతోంది, అప్పటికప్పుడు ప్రమాదమేమీ జరగలేదు అని. అది ఆ గంట తాలూకు విజయం. సర్జన్ గారు చెప్పిన మూడు నాలుగు శాతం అలాంటిది కాదు. ఆపరేషన్ వల్ల ప్రాణానికి వచ్చే ముప్పు అది. సాధారణంగా ఆపరేషన్ నుంచి డిశ్చార్జి వరకో, నెల రోజుల వరకో లెక్కేస్తారు. ఒకటి గంట లెక్క, ఇంకొకటి నెల లెక్క. మీకు నిజంగా కావలసింది మూడోది, అయిదేళ్ల లెక్క. నాన్న అయిదేళ్ల తర్వాత కొట్లో కూర్చుని ఉంటారా, మళ్లీ గుండెపోటు వస్తుందా, మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కాల్సి వస్తుందా? దాని గురించి మీకు ఎవరూ చెప్పలేదు.

ఆ లెక్క మనకి ఉంది. ఫ్రీడమ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. అందులో చేరిన 1900 మందీ ఈ రెండు విషయాల్లో మీ నాన్నలాంటి వాళ్లే: షుగర్ ఉంది, ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులున్నాయి. సగం మందికి మందు పూత ఉన్న స్టెంట్లు వేశారు, సగం మందికి బైపాస్ చేశారు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు కాబట్టి బాగున్న వాళ్లని ఒకవైపుకి ఏరుకునే వీలు లేదు. అయిదేళ్లు గడిచేసరికి చావో, గుండెపోటో, పక్షవాతమో ఏదో ఒకటి ఎదురైనవాళ్లు స్టెంట్ల వైపు వందకి 26.6, బైపాస్ వైపు 18.7. కేవలం మరణాలే చూస్తే స్టెంట్ల వైపు 16.3, బైపాస్ వైపు 10.9.

ఇందులో బైపాస్‌కి వ్యతిరేకంగా ఉన్న అంకె కూడా చెప్పాలి, దాచకూడదు. పక్షవాతం స్టెంట్ల వైపు 2.4 శాతం మందికి వస్తే, బైపాస్ వైపు 5.2 శాతం మందికి వచ్చింది. ఆ తేడాలో చాలా భాగం మొదటి నెలలోనే కనబడింది. అంటే బైపాస్ చేయించుకునేవాళ్లు ముందుగా కొంత రిస్క్ తీసుకుని తర్వాత ఏళ్ల తరబడి ఫలితం పొందుతారు. స్టెంట్లలో ముందు తేలిక, తర్వాత బరువు. మూడో రోజు ఇంటికొచ్చేవాళ్లని చూసి నిర్ణయం తీసుకుంటే ఈ తర్వాతి బరువు కనబడదు.

మీ వీధిలో కూడా ఎవరో ఉండే ఉంటారు, "నాకు స్టెంట్ వేశారు, మూడో రోజు నడిచాను, మీ నాన్నకి ఆ కోత ఎందుకు" అనేవాళ్లు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆయనకి బహుశా గుండెపోటు వచ్చి ఒక నాళం ఠక్కున మూసుకుపోయి ఉంటుంది. ఆ సమయంలో స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, దానికి సాటి వచ్చేది లేదు. మీ నాన్న జబ్బు అది కాదు. పదిహేడేళ్ల షుగర్ మూడు నాళాల గోడల్నీ పొడుగునా పాడుచేసింది. స్టెంట్ బ్లాకున్న చోటుని మాత్రం తెరుస్తుంది. బైపాస్ ఆ చెడిపోయిన ముక్కని మొత్తం దాటించి, అవతల బాగున్న చోట కొత్త నాళం కలుపుతుంది. రేపు ఆ మధ్యలో ఇంకో బ్లాకు వచ్చినా రక్తం చుట్టూ తిరిగి వెళ్తుంది. షుగర్ వాళ్లలో బైపాస్ ఎక్కువ కాలం కాపాడటానికి ముఖ్యమైన కారణం ఇదే.

అయితే స్టెంట్లే సరైన దారి అయ్యేవాళ్లు కూడా ఉంటారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లు, ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, బాగా వయసు మీదపడి నీరసించినవాళ్లు, కొత్త నాళం కలపడానికి అవతల చోటు లేనంత సన్నని నాళాలున్నవాళ్లు. బ్లాకులు చిన్నవిగా, సూటిగా ఉన్నా స్టెంట్లు బాగా పనిచేస్తాయి. అది తేల్చడానికి సింటాక్స్ స్కోర్ అని ఒకటుంది. ప్రతి బ్లాకూ ఎక్కడుంది, ఎంత పొడుగుంది, కాల్షియం పట్టిందా, వంపులో ఉందా, కొమ్మ చీలే చోట ఉందా అని చూసి మార్కులు వేస్తారు. 22 లోపు వస్తే తక్కువ, 23 నుంచి 32 మధ్యస్థం, 33, ఆపైన వస్తే బ్లాకులు బాగా చిక్కుగా ఉన్నట్టు. "డాక్టరుగారూ, నాన్నగారి సింటాక్స్ స్కోర్ ఎంత?" అని అడగండి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు. ఆ ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పి, యాంజియోగ్రామ్ పెట్టి చూపించే డాక్టరు దగ్గర మీరు ధైర్యంగా ఉండొచ్చు.

"రేపు పొద్దున్నే" అన్నారు కదా, దాని గురించి కూడా చెబుతాను. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి, రెండు నెలలుగా ఒకే తీరులో ఉన్నప్పుడు, నాలుగైదు రోజులు తీసుకుని రెండో అభిప్రాయం అడగడంలో తప్పు లేదు. నెలల తరబడి నాన్చమని నేను అనడం లేదు. ఎడమవైపు ప్రధాన నాళంలో, లెఫ్ట్ మెయిన్ అంటారే, అందులో కూడా బ్లాకు ఉందేమో రిపోర్టులో చూడండి. ఉంటే ఆ నాలుగైదు రోజులు కూడా డాక్టరు చెబితేనే.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్నకి వద్దాం. ఏ ఆసుపత్రిలో ఎంతమంది క్షేమంగా ఇంటికి వెళ్తున్నారు? మన దగ్గర ఆసుపత్రులవారీగా, సర్జన్లవారీగా ఈ లెక్కలు ప్రజల ముందు పెట్టే పద్ధతి లేదు. ఒక ఫ్రిజ్ కొంటే ఎన్ని యూనిట్లు కాలుతుందో దాని మీద చుక్కలు అంటించి ఉంటాయి. నాన్న గుండె ఎవరి చేతిలో పెడుతున్నామో ఆ వివరం ఎక్కడా ఉండదు. ఇది నన్ను ముప్పై ఏళ్లుగా బాధపెడుతున్న విషయం. గుండె ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టరుగా పనిచేశాను. లోపలున్న మాకు ఎక్కడ ఫలితాలు బాగున్నాయో, ఎక్కడ లేవో తెలుస్తుంది. బయట బెంచీ మీద కూర్చున్న మీలాంటివాళ్లకే తెలియదు.

ఈ పని చేసి చూపించిన చోటు ఒకటుంది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి ప్రతి బైపాస్ పేషెంటు వివరాలనీ సేకరించింది, 1990 చివర్లో ఆసుపత్రులవారీ మరణాల లెక్క బయటపెట్టింది. న్యూస్‌డే అనే పత్రిక కోర్టుకి వెళ్లడంతో 1991లో సర్జన్లవారీ లెక్కలు కూడా ఇవ్వాల్సి వచ్చింది. పేషెంట్ల జబ్బు తీవ్రతని సరిచేసి చూసినా 1989లో 4.17 శాతం ఉన్న మరణాలు 1992కి 2.45 శాతానికి దిగాయి. మందులు, పద్ధతులు మెరుగుపడటం వల్ల కొంత తగ్గి ఉంటుంది, ఆ వాదన ఉంది. కానీ ఆల్బనీ ఊళ్లోని సెయింట్ పీటర్స్ ఆసుపత్రిలో జరిగింది వింటే మీకు నేను చెప్పదలుచుకున్నది అర్థమవుతుంది.

ఆ ఆసుపత్రి అంకెలు బాగా లేవు. మొదట మామూలుగా ఎవరైనా చేసే పనే వాళ్లూ చేశారు, లెక్క తప్పేమో అని చూశారు. లెక్క సరిగానే ఉంది. సర్జన్లు చేతకానివాళ్లా? కాదు, ముందే తేదీ ఇచ్చి చేసిన ఆపరేషన్లు బాగానే జరుగుతున్నాయి. చివరికి కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తే తేలిందేమిటంటే, చనిపోతున్నది అత్యవసరంగా తెచ్చిన కేసుల్లో. బీపీ పడిపోయి, గుండె నీరసించి ఉన్న మనిషిని అలాగే థియేటర్లోకి తోసేస్తున్నారు. అప్పట్నుంచి పద్ధతి మార్చారు. ముందు మందులతో, గుండెకి ఊతమిచ్చే బెలూన్ పంపుతో గుండెని నిలదొక్కుకోనిచ్చి తర్వాతే ఆపరేషన్ మొదలుపెట్టారు. ఆ కేసుల్లో మరణాలు బాగా తగ్గిపోయాయి. సర్జన్లు వాళ్లే, థియేటరూ అదే. మారింది ఆపరేషన్‌కి ముందు గడిపే కొన్ని గంటలు.

ఆ లెక్కలకి ఇంకో వైపు కూడా ఉంది. ఒక సర్జన్ తేలిక కేసులే తీసుకుంటే ఆయన అంకె మెరిసిపోతుంది. అందరూ వద్దన్న పేషెంటుని ధైర్యంగా తీసుకునే ఆయన అంకె మసకబారుతుంది. న్యూయార్క్‌లో లెక్కలు బయటకొచ్చాక బాగా జబ్బు చేసినవాళ్లని పక్క రాష్ట్రాలకి పంపేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి, దాని మీద పెద్ద చర్చే జరిగింది. అందుకే అంకె చెప్పినవాళ్లని "ఎవరిలో?" అని తిరిగి అడగాలి. వయసు, కిడ్నీల పనితీరు, ఈఎఫ్, ఇన్సులిన్, ఊపిరితిత్తులు, అత్యవసరమా కాదా, ఇవన్నీ వేసి ఈ మనిషికి ఇంత రిస్క్ అని లెక్కగట్టే యూరోస్కోర్ అనే సాధనం చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. సర్జన్ గారిని "యూరోస్కోర్ వేసి చూశారా సార్, మా నాన్నకి ఎంత వచ్చింది?" అని అడగండి. ఆయన చెప్పిన మూడు నాలుగు శాతం దాంట్లోంచి వచ్చిందేమో. అలాగైతే అది అందరికీ కలిపి చెప్పే అంకె కాదు, మీ నాన్న కోసం వేసిన అంకె. గోడ మీద బోర్డులో ఉన్న 98 కంటే నాకు దాని మీదే గురి.

ఇప్పుడు మీకు ఒక రాత్రి సంగతి చెప్పాలి. ఊరూ పేరూ వద్దు. చాలా ఏళ్ల కిందటి మాట. అరవై దాటిన ఒకాయనకి మధ్యాహ్నం బైపాస్ అయింది. బాగా జరిగింది. ఆపరేషన్ తర్వాత ఛాతీలోంచి రక్తం బయటకి రావడానికి గొట్టాలు పెడతాం, అవి మంచం పక్కన సీసాలోకి దిగుతాయి. గంట గంటకీ ఎంత వచ్చిందో నర్సు సీసా మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి టైము రాస్తుంది. ఆ రాత్రి గీతలు మొదట ఎడంగా ఉన్నాయి, గంటకి 100 మిల్లీలీటర్ల దాకా వస్తోంది. పదకొండు దాటాక గీత కదలలేదు. కొత్తవాళ్లైతే రక్తం ఆగింది, హమ్మయ్య అనుకుంటారు. మా నర్సు అలా అనుకోలేదు. మానిటర్ చూసింది, బీపీ నెమ్మదిగా దిగుతోంది, గుండె వేగం పెరుగుతోంది. గొట్టాన్ని చేత్తో పిండి చూసింది. గడ్డకట్టింది. లోపల కారుతున్న రక్తం బయటకి రాక గుండె చుట్టూ చేరి దాన్ని నొక్కేస్తోంది. నన్ను పిలిచింది, గుండెని స్కాన్ చేసే ఎకో మిషన్ మంచం దగ్గరికే వచ్చింది, సర్జన్ మేడమీది గదిలోనే ఉన్నాడు, బ్లడ్ బ్యాంకు కింద అంతస్తులో ఉంది. ఇరవై నిమిషాల్లో మళ్లీ ఛాతీ తెరిచి గడ్డలు తీసేశాం. తొమ్మిదో రోజు ఆయన భార్య చేయి పట్టుకుని లిఫ్టు దాకా నడిచి వెళ్లాడు.

అదే సమస్య, నర్సుకి నలుగురు పేషెంట్లున్న చోట, సర్జన్ ఇంటి నుంచి రావాల్సిన చోట, రక్తం కోసం బంధువులు ఆటో ఎక్కాల్సిన చోట వచ్చి ఉంటే? సమస్య ఎవరికైనా రావచ్చమ్మా. పెద్ద ఆసుపత్రిలోనూ వస్తుంది. వచ్చిన సమస్యని ఎంత తొందరగా పట్టుకుంటారన్నదే తేడా. అమెరికాలో 2009లో దీని మీద ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అది గుండె ఆపరేషన్ల మీద కాదు, మిగతా పెద్ద ఆపరేషన్ల మీద. మరణాలు తక్కువున్న ఆసుపత్రుల్లోనూ, ఎక్కువున్న ఆసుపత్రుల్లోనూ ఆపరేషన్ తర్వాత సమస్యలు దాదాపు ఒకేలా వచ్చాయి. కానీ తీవ్రమైన సమస్య వచ్చినవాళ్లలో చనిపోయినవాళ్లు మొదటిచోట 12.5 శాతం, రెండోచోట 21.4 శాతం. గుండె ఐసీయూల్లో నేను కళ్లారా చూసింది కూడా సరిగ్గా ఇదే.

అందుకే ఆసుపత్రి చూడటానికి వెళ్లినప్పుడు సర్జన్ పేరుతో పాటు రాత్రి గురించి అడగండి. రాత్రి రెండు గంటలకి ఐసీయూలో డాక్టరు ఎవరుంటారు, గుండె ఆపరేషన్ల అనుభవం ఉన్నవాళ్లేనా? మొదటి రోజు నాన్న మంచానికి ఒక నర్సు పూర్తిగా ఉంటుందా? రాత్రిపూట ఎకో తీసేవాళ్లుంటారా? బ్లడ్ బ్యాంకు, డయాలసిస్ అదే భవనంలో ఉన్నాయా? మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వస్తే ఎంతసేపు పడుతుంది? ఈ ప్రశ్నలకి జవాబు మార్కెటింగ్ వాళ్ల దగ్గర తీసుకోవద్దు. ఐసీయూ బయట కూర్చున్న బంధువుల్నీ, కుదిరితే అక్కడి నర్సునీ అడగండి. వాళ్ల మాటల్లో నిజం తెలిసిపోతుంది.

సర్జన్ గారిని అడగాల్సినవి వేరు. ఏడాదికి మీ బృందం ఎన్ని బైపాస్‌లు చేస్తుంది? ఈఎఫ్ 40, ఇన్సులిన్ వాడే షుగర్ ఉన్నవాళ్లు అందులో ఎంతమంది? నెల లోపు ఎంతమంది పోయారు, ఎంతమందికి పక్షవాతం వచ్చింది, ఎంతమందికి ఛాతీ గాయం చీము పట్టింది? షుగర్ వాళ్లకి ఆఖరిది చాలా ముఖ్యం. లెక్క రాసుకునే సర్జన్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోడు, సంతోషిస్తాడు. తడుముకోకుండా "మాకు అసలు కాంప్లికేషన్లే ఉండవు" అన్న చోట మాత్రం నేనైతే మా ఇంట్లోవాళ్లని చేర్చను. ఇంకొకటి, ఛాతీ గోడ లోపలుండే ధమనిని ముందువైపు పెద్ద నాళానికి కలుపుతారా అని అడగండి. థియేటర్లో దాన్ని లీమా అంటాం. కాలి సిరలు పదేళ్లు గడిచేసరికి దాదాపు సగం దాకా మూసుకుపోవచ్చు, ఈ ధమని మాత్రం చాలా మందిలో అప్పటికీ తెరుచుకునే ఉంటుంది. అనుభవం ఉన్న బృందాలు దీన్ని మామూలుగానే వాడతాయి. వాడటం లేదంటే కారణం చెప్పించుకోండి.

స్టెంట్ డాక్టరుగారూ, సర్జన్ గారూ కలిసి కూర్చుని ఒకే యాంజియోగ్రామ్ చూసి చెప్పే ఏర్పాటున్న చోటు దొరికితే అంతకంటే మంచిది లేదు. దొరక్కపోతే ఆ పని మీరే చేయాలి. యాంజియోగ్రామ్ రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, సీడీ అడిగి తీసుకోండి, అది మీ హక్కు. కాగితం మీద 90 శాతం అని ఉన్నది కదిలే బొమ్మలో వేరే డాక్టరుకి 70లా కనబడొచ్చు. సీడీతో పాటు ఎకో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు, మెడ రక్తనాళాల డాప్లర్ స్కాన్ తీసి ఉంటే అది కూడా ఒకే సంచిలో పెట్టుకోండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు. మనవాళ్లు మొహమాటపడతారు, అందుకే నేనే చెబుతున్నాను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, బైపాస్‌నీ స్టెంట్లనీ రెండిటినీ కవర్ చేస్తుంది. కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర దగ్గరికి ముందే వెళ్లి ఏది వర్తిస్తుందో, పైన ఏమైనా కట్టాలో రాతపూర్వకంగా అడగండి. ఒకవేళ స్టెంట్ల వైపే వెళ్లాల్సి వస్తే, స్టెంట్ ధరకి ప్రభుత్వం 2017 నుంచి పరిమితి పెట్టిందని గుర్తుంచుకోండి. మందు పూత ఉన్నదాన్ని అప్పట్లో 29,600 రూపాయలకి కట్టేశారు, తర్వాత ఆ ధర సవరిస్తూ వచ్చారు. వేసిన ప్రతి స్టెంట్ స్టిక్కరూ మీ ఫైల్లో అంటించి ఇవ్వాలి.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు నాన్న ఫలితాన్ని కొంత మీరు కూడా మార్చగలరు. నేను థియేటర్ టేబుల్ మీదకి వచ్చిన వాళ్లని చూస్తూనే ఎవరు ఇంట్లో తయారై వచ్చారో చెప్పేదాన్ని. మూడు బంతులున్న ఊపిరి పరికరం మందుల షాపుల్లో దొరుకుతుంది, ఇప్పుడే కొని రోజుకి నాలుగైదు సార్లు బంతులు పైకి లేచేలా గాలి లోపలికి పీల్చమనండి. ఆపరేషన్ తర్వాత నొప్పిలో అది నేర్చుకోవడం కష్టం, ముందే వచ్చి ఉంటే న్యుమోనియా ముప్పు తగ్గుతుంది. బీడీ, సిగరెట్, ఖైనీ ఏదున్నా ఈరోజే ఆపించండి. పుచ్చిపోయిన పన్ను ఉంటే సర్జన్ గారికి చెప్పండి. వాడే మాత్రలన్నీ పేర్లతో రాసుకెళ్లండి. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచన చేసే మందుని మామూలుగా అయిదు రోజుల ముందు ఆపిస్తారు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రల్ని కనీసం మూడు రోజుల ముందు. కానీ మీ అంతట మీరు ఏదీ ఆపకూడదు. స్టెంట్ వేస్తారో, బైపాస్ చేస్తారో తేలకముందే మందు ఆపితే అదో ప్రమాదం.

అమ్మ భయం నాకు అర్థమవుతుంది. ఛాతీ ఎముక మధ్యకి కోస్తారంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎముకని స్టీలు తీగతో కట్టేస్తారు, అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో బియ్యం బస్తా కాదు కదా, నిండు బిందె కూడా ఎత్తకూడదు. దగ్గు వస్తే చిన్న దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. ఆ దిండు ఇంటి నుంచి అమ్మనే తెమ్మనండి, తన చేతిలో ఏదో ఒక పని ఉంటే ఆవిడ ఏడుపు సగం తగ్గుతుంది. మొదటి రెండు మూడు వారాలు నాన్న చిన్న విషయానికే కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, అన్నం సహించకపోవచ్చు. చాలామందిలో జరుగుతుంది, తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుకి చెప్పండి. ఆ తర్వాత ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, షుగర్ అదుపు, రోజూ నడక, ఇవి జీవితాంతం. ఆపరేషన్ బాగా జరిగిందని ఏడాదికే మాత్రలు మానేసి మళ్లీ బ్లాకులతో వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇంకొక్కటి, మీరు ఉత్తరం ఆఖర్లో రెండు వాక్యాల్లో రాసి వదిలేసిన విషయం. నాన్నకి చెప్పలేదన్నారు. ప్రేమతోనే దాచారు, నాకు తెలుసు. కానీ ఆపరేషన్ ముందు రోజు రాత్రి నేను పేషెంటు మంచం దగ్గరికి వెళ్లి మాట్లాడేదాన్ని. "నాకేం చేస్తున్నారమ్మా?" అని నన్ను అడిగిన పెద్దమనుషులున్నారు. పిల్లలు గుమ్మం దగ్గర నిలబడి చెప్పొద్దని సైగ చేస్తుంటారు. అప్పుడు ఆ మనిషి కళ్లలో కనబడే భయం, నిజం తెలిసినవాళ్ల కళ్లలో ఉండదు. తెలిసినవాళ్లు లేచాక మేం చెప్పినట్టు ఊపిరి పీలుస్తారు, నొప్పి ఉన్నా మంచం దిగుతారు. తెలియనివాళ్లు గొట్టాల మధ్య కళ్లు తెరిచి బెదిరిపోతారు. పైగా ముందు కొంత రిస్క్ తీసుకుని తర్వాత ఎక్కువ కాలం బాగుండటమా, ఇప్పటికి తేలిగ్గా బయటపడి తర్వాత చూసుకోవడమా అన్నది ఆయన జీవితం మీద ఆయన తీసుకోవాల్సిన నిర్ణయం. కొట్టు నడిపే మనిషి. లాభనష్టాలు బేరీజు వేయడం మీకంటే, నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఈ రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక, అన్నాలయ్యాక, అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద గుండె బొమ్మ వేసి మూడు గీతలు గీసి చూపించండి. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఆ కాగితం వెనకే రాసుకోండి. సర్జన్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు సీడీతో పాటు ఆ కాగితం కూడా తీసుకెళ్లండి, నాన్నని కూడా లోపలికి తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెట్టండి.